నగరం పెరిగితే చెరువులోని నత్తలకు ఏమవుతుంది? హైదరాబాద్ చెరువుల్లో మంచినీటి నత్తల వైవిధ్యాన్ని అధ్యయనం చేయడానికి సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న చెరువులు దాదాపుగా అన్నీ మనుషులు కట్టుకున్నవే. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేలా, వాన చుక్క వృథా కాకుండా, తరతరాలుగా అల్లిన గొలుసుకట్టు అది. 16వ శతాబ్దంలో కట్టిన హుస్సేన్ సాగర్, 1908 నాటి మూసీ వరద మిగిల్చిన విషాదం తరువాత నిర్మించి 1920లో పూర్తి చేసిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్, వీటికి తోడు పేర్లు కూడా మరుగున పడుతున్న వందలాది కుంటలు కలిసి ఈ ప్రాంతపు నీటి జీవజాలానికి ఆశ్రయమయ్యాయి. ఇక్కడి పక్షులను ఏటా లెక్కించేవారు ఉన్నారు, చేపల గురించి పట్టించుకునేవారు ఉన్నారు. నత్తల దగ్గరకు వచ్చేసరికి ఆ శ్రద్ధ సన్నగిల్లుతుంది. నిజానికి నగరం చెరువుకు చేసే ప్రతి మార్పునూ నేరుగా అనుభవించేది నత్తే. నీరు చెడితే పక్షి మరో చెరువుకు ఎగిరిపోతుంది. నత్త ఉన్నచోటనే బతకాలి, లేదా అక్కడే చావాలి.

ఈ మార్గదర్శి కళాశాల విద్యార్థుల కోసం, జీవశాస్త్ర ఉపాధ్యాయుల కోసం, చెరువుల పరిరక్షణకు పూనుకున్న కాలనీ సంఘాల కోసం రాసినది. పని మొదలుపెట్టే ముందు ఒక విషయాన్ని మనసులో స్థిరపరచుకోవాలి. నత్తలు విపరీతంగా కనిపించే చెరువు ఆరోగ్యంగా ఉన్న చెరువు కాకపోవచ్చు. పట్టణీకరణ ప్రభావం చాలాసార్లు నత్తల సంఖ్య తగ్గడంగా కాక, రకాలు తగ్గి మిగిలిన ఒకటి రెండు రకాలు ముమ్మరంగా పెరగడంగా బయటపడుతుంది. కాబట్టి ఎన్ని నత్తలు ఉన్నాయన్న ప్రశ్నతో ఆగకుండా, ఏవి మిగిలాయి, ఏవి పోయాయి, పోయినవాటికి ఉమ్మడిగా ఉన్న లక్షణం ఏమిటి అని అడగడమే ఈ అధ్యయనానికి ప్రాణం.

మొదటి మెట్టు: నత్త ఎలా ఊపిరి పీలుస్తుందో తెలుసుకోవడం

చెరువు దగ్గరకు వెళ్లకముందే మన ప్రాంతపు నత్తలను శ్వాసించే తీరును బట్టి విడదీసి అర్థం చేసుకోవడం మంచిది, ఎందుకంటే తరువాత కనిపించబోయే మార్పులలో చాలావాటికి సమాధానం ఇక్కడే ఉంది.

కొన్ని నత్తలు చేపల్లాగే మొప్పలతో, నీటిలో కరిగిన ప్రాణవాయువును తీసుకుంటాయి. ఫైలోపాలుడినా బెంగాలెన్సిస్ అనే నత్త ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. పాత పుస్తకాల్లో దీన్ని బెల్లామియా బెంగాలెన్సిస్ అన్నారు. ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు గుల్ల మీద చుట్ల వెంట సాగే ముదురు చారలతో ఉండే ఈ నత్త గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. చిన్నచిన్న బిథినియా ప్రజాతి నత్తలూ మొప్పలతోనే శ్వాసిస్తాయి. నీటిలో ప్రాణవాయువు పడిపోయినప్పుడు వీటికి ప్రత్యామ్నాయం ఉండదు.

మరికొన్నింటికి మొప్పలు ఉండవు. వాటి శరీరంలో ఊపిరితిత్తిలా పనిచేసే గది ఉంటుంది. ఇవి నీటి ఉపరితలానికి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ లోపలికి వెళతాయి. లిమ్నియా, ఇండోప్లానార్బిస్, గైరాలస్, బయటి నుంచి వచ్చి స్థిరపడిన ఫైసా ఈ కోవకు చెందినవి. ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్ రక్తం ఎర్రగా ఉంటుంది. అందులోని హీమోగ్లోబిన్ వల్ల ప్రాణవాయువు తక్కువగా ఉన్న నీటిలోనూ అది నెట్టుకొస్తుంది.

పైలా ప్రజాతికి చెందిన పెద్ద నత్త ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. దానికి మొప్ప ఉంది, ఊపిరితిత్తీ ఉంది. వేసవిలో చెరువు ఎండిపోతే బురదలోకి దిగి, గుల్ల మూత బిగించుకుని, వానలు పడేదాకా నిద్రాణంగా ఉండగలదు. ఇంత ఓర్పున్న జీవి కూడా నగర చెరువుల్లో దెబ్బతినడానికి కారణం ఊపిరి కాదు, గుడ్లు. అది గుడ్లను నీటిలో పెట్టదు. నీటి అంచుకు కాస్త పైన, తడి మట్టిలో గుంట చేసుకుని పెడుతుంది. నడక దారి కోసం గట్టు పొడవునా రాళ్లు పరిచి సిమెంటు పోసినచోట దానికి గుడ్లు పెట్టే స్థలమే మిగలదు. నీటి నాణ్యత ఎంత బాగున్నా ఆ లోటు తీరదు.

ఇక మెలనాయిడిస్ ట్యుబర్క్యులేటా. పొడవుగా, కొనదేలి ఉండే ఈ నత్తకు మొప్పలే ఉన్నా, మగవాటి అవసరం లేకుండానే ఆడవి పిల్లల్ని కనగలవు. బురదలో కూరుకుపోయి బతుకుతుంది, చెడిన నీటిని కూడా చాలావరకు తట్టుకుంటుంది. ఒక్క నత్త చేరినా కొత్తచోట ఒక సంతతి నిలబడుతుంది. అందుకే మొప్ప ఉన్న నత్తలన్నీ సున్నితమైనవని ఒకే సూత్రం కింద జమకట్టకూడదు.

రెండవ మెట్టు: చెరువులను ఎంచుకోవడం

నగర కేంద్రం నుంచి పల్లెల వైపు వెళుతూ, పట్టణీకరణ తీవ్రత క్రమంగా తగ్గే వరుసలో చెరువులను ఎంచుకోవాలి. లోపల సరూర్‌నగర్ చెరువు, మధ్యలో దుర్గం చెరువు, అంచున అమీన్‌పూర్, ఇంకా బయట శామీర్‌పేట చెరువు వంటివి మ్యాపు మీద చూడగానే తోస్తాయి. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. పెద్ద చెరువులో సహజంగానే ఎక్కువ రకాల ఆవాసాలు ఉంటాయి, కాబట్టి ఎక్కువ రకాల నత్తలూ ఉంటాయి. బయట ఉన్న పెద్ద జలాశయాన్ని లోపల ఉన్న చిన్న కుంటతో పోల్చి, తేడా అంతా నగరం చేసిందే అనడం న్యాయం కాదు. విస్తీర్ణంలోనూ లోతులోనూ దగ్గరగా ఉన్నవాటినే జతచేయాలి. పట్టణీకరణ తీవ్రతను బట్టి చేసిన ప్రతి తరగతిలోనూ కనీసం మూడు చెరువులు ఉంటే, ఒకే చెరువు ప్రత్యేకతను నగరం మొత్తానికీ అంటగట్టే ప్రమాదం తప్పుతుంది.

పట్టణీకరణ తీవ్రతను అంకెల్లో పెట్టడం కష్టమేమీ కాదు. చెరువు అంచు నుంచి 500 మీటర్ల వరకు ఒక వలయం గీసి, అందులో ఎంత శాతం భూమి కట్టడాలతో, రోడ్లతో కప్పబడిందో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా లెక్కించాలి. ఇస్రో వారి భువన్‌లో గానీ గూగుల్ ఎర్త్‌లో గానీ చూసి, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేయవచ్చు. పాత సంవత్సరాల చిత్రాలను కూడా తప్పక చూడండి. ఇరవై ఏళ్లుగా ఇళ్ల మధ్య ఉన్న చెరువూ, నిన్నమొన్నటిదాకా పొలాల మధ్య ఉన్న చెరువూ ఈరోజు ఒకే శాతం చూపించవచ్చు గానీ, వాటిలోని జీవజాలం మీద పడిన ఒత్తిడి ఒకటి కాదు. ఈ శాతంతో పాటు మురుగు నాలాలు ఎన్ని కలుస్తున్నాయి, గట్టులో ఎంత భాగం మట్టిగా మిగిలింది, గుర్రపుడెక్క ఎంత మేర కమ్ముకుంది అన్నవి కాలినడకన తిరిగి రాసుకోవాలి. నా అభిప్రాయంలో ఈ మూడూ ఉపగ్రహ చిత్రం కంటే ఎక్కువ చెబుతాయి.

మూడవ మెట్టు: అనుమతులు, జాగ్రత్తలు

చెరువు ఏ శాఖ పరిధిలో ఉందో తెలుసుకుని రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు కాబట్టి అక్కడ జీవవైవిధ్య మండలిని కూడా సంప్రదించాలి. చేపల హక్కులున్న మత్స్యకారుల సంఘంతో ముందుగా మాట్లాడడం మర్యాదే కాదు, పనికి లాభం కూడా. ఏ మూల లోతు ఎక్కువో, ఒకప్పుడు ఏ నత్తలను వండుకునేవారో, అవి ఎప్పటి నుంచి కనిపించడం మానేశాయో వారికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. వారు చెప్పినది తేదీతో సహా రాసుకోండి.

మురుగు కలిసే నీటిలో వట్టి కాళ్లతో దిగకూడదు. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ ఒక ముప్పు అయితే, ఇండోప్లానార్బిస్ వంటి నత్తల నుంచి వెలువడే పశువుల పరాన్నజీవుల డింభకాలు మనిషి చర్మంలోకి చొరబడి విపరీతమైన దురదను కలిగించడం మరొకటి. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. ఒంటరిగా నీటిలో దిగవద్దు.

నాలుగవ మెట్టు: వెతకడం

పోల్చదలచిన చెరువులన్నింటిలోనూ ఒకే శ్రమ పెట్టాలి. ఒక చెరువులో రెండు గంటలు, మరో చెరువులో అరగంట వెతికితే వచ్చిన తేడా నత్తలది కాదు, మనది. ప్రతి చెరువులో ఐదు చోట్లను ఎంచుకోండి: నీరు వచ్చే చోటు, అలుగు దగ్గర, కట్ట రాళ్ల వెంట, నీటి మొక్కల మధ్య, బురద ఒడ్డున. ఒక్కోచోట ఇద్దరు వ్యక్తులు అరగంట చొప్పున వెతకాలి. రాళ్ల అడుగున, తామరాకుల వెనుక, గుర్రపుడెక్క వేళ్లలో, తేలుతున్న కర్రముక్కల మీద చేత్తో ఏరాలి. అర మిల్లీమీటరు రంధ్రాలున్న వలతో మొక్కల కింద దేవాలి. తరువాత అర మీటరు చదరపు చట్రం వేసి, అందులోని పై పొర బురదను జల్లెడ పట్టాలి. గైరాలస్, బిథినియా వంటి చిన్న నత్తలు ఈ జల్లెడలోనే దొరుకుతాయి. కంటికి కనిపించిన పెద్దవాటినే ఏరుకుంటూ పోతే చెరువు వైవిధ్యంలో సగం మన లెక్కలోకి రాదు.

ఏమీ దొరకని చోటును కూడా సున్నా అని నమోదు చేయాలి. మురుగు నాలా కలిసే చోట వచ్చే ఆ సున్నా ఎంతో విలువైన సమాచారం.

ఏడాదిలో మూడుసార్లు వెళితే ఋతువుల ప్రభావం తెలుస్తుంది: వానలు వెనుదిరిగాక అక్టోబరు, నవంబరు నెలల్లో ఒకసారి, జనవరిలో ఒకసారి, ఎండలు ముదిరాక ఏప్రిల్, మే నెలల్లో మరోసారి. ఈ వేసవి సందర్శన నగర చెరువుల విషయంలో ప్రత్యేకంగా ముఖ్యం. పల్లెలోని చెరువు వేసవిలో కుంచించుకుపోతుంది, ఒక్కోసారి పూర్తిగా ఎండుతుంది. నగరంలోని చెరువు మాత్రం ఇళ్ల నుంచి వచ్చే మురుగుతో ఏడాది పొడవునా నిండుగానే ఉంటుంది. ఎండడానికీ నిండడానికీ అలవాటుపడిన జీవులకు దొరికే అనుకూలత దీనితో పోతుంది, ఎప్పుడూ నిలిచి ఉండే మురుగునీటిని ఇష్టపడేవి బలపడతాయి. నిండుగా ఉన్న చెరువును చూసి సంతోషించే మనకు ఈ మార్పు తట్టదు.

ఐదవ మెట్టు: గుర్తించడం

నత్తను చేతిలోకి తీసుకుని వరుసగా కొన్ని ప్రశ్నలు వేసుకుంటే చాలావాటిని ప్రజాతి (జీనస్) స్థాయి వరకు గుర్తించవచ్చు.

మొదట, నత్త లోపలికి ముడుచుకున్నప్పుడు గుల్ల నోటిని మూసే మూత ఉందా? మూత ఉంటే అది పైలా, ఫైలోపాలుడినా, బిథినియా, మెలనాయిడిస్ వంటి వాటిలో ఒకటి. మూత సున్నంలా గట్టిగా ఉండి నత్త పెద్దదైతే పైలా, గట్టి మూతే ఉండి నత్త చిన్నదైతే బిథినియా కుటుంబం. మూత గోరులాంటి పదార్థంతో పలుచగా ఉండి, గుల్ల ఉబ్బెత్తు చుట్లతో ఉంటే ఫైలోపాలుడినా. గుల్ల సన్నగా, పొడవుగా, ఎన్నో చుట్లతో ఉంటే మెలనాయిడిస్ లేదా దాని బంధువులు.

మూత లేకపోతే గుల్ల ఆకారం చూడాలి. బిళ్లలా చదునుగా చుట్టుకుని ఉంటే, పెద్దది ఇండోప్లానార్బిస్, కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఉన్నది గైరాలస్. చదునుగా కాక కొన ఉన్న గుల్ల అయితే, కొనను పైకి, నోటిని మన వైపుకు పెట్టి పట్టుకోవాలి. నోరు కుడివైపు ఉంటే లిమ్నియా, ఎడమవైపు ఉంటే ఫైసా. ఈ ఒక్క పరీక్షలో పొరపడితే అధ్యయనం మొత్తం తారుమారవుతుంది, ఎందుకంటే లిమ్నియా ఇక్కడి నత్త, ఫైసా అక్యూటా ఉత్తర అమెరికా నుంచి ప్రపంచమంతా పాకిన నత్త. అది అక్వేరియం మొక్కల వెంట ప్రయాణిస్తుంది, తనలో తానే ఫలదీకరణ చెందగలదు, కలుషిత జలాల్లో స్థానిక నత్తలు వదిలిన చోటును ఆక్రమిస్తుంది.

జాతి (స్పీసీస్) స్థాయి గుర్తింపుకు జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1989లో ప్రచురించిన, ఎన్. వి. సుబ్బారావు రాసిన భారతీయ మంచినీటి మొలస్కుల (నత్తలు, ఆల్చిప్పల వంటి మెత్తని జీవుల) పుస్తకం ఇప్పటికీ ఆధారం. అందులోని కొన్ని శాస్త్రీయ నామాలు తరువాత మారాయి కాబట్టి ప్రస్తుత పేర్లతో సరిచూసుకోవాలి. ఆ సంస్థకు చెందిన మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉండడం మనకు కలిసివచ్చిన విషయం. సందేహం ఉన్న నమూనాలను అక్కడి నిపుణులకు చూపించండి. ప్రతి రకాన్నీ పైనుంచి, నోటి వైపు నుంచి, పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీసి, లెక్క పూర్తయ్యాక బతికున్నవాటిని తీసినచోటనే వదిలేయాలి. ఒక చెరువు నత్తను, ఒక్కదాన్ని కూడా, మరో చెరువులో వదలకూడదు. వల, బూట్లు, జల్లెడ కడిగి ఆరబెట్టిన తరువాతనే మరో చెరువుకు తీసుకువెళ్లాలి.

ఆరవ మెట్టు: ఖాళీ గుల్లలను చదవడం

మొత్తం పనిలో నాకు ఎంతో విలువైనదిగా తోచేది ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. మన చెరువుల్లో చాలావాటికి యాభై ఏళ్ల కిందటి నత్తల జాబితా లేదు. పాత లెక్క లేకుండా ఏం పోయిందో చెప్పడం ఎలా? సమాధానం ఒడ్డున మట్టిలోనే ఉంది. నత్త చచ్చిపోయినా సున్నపు గుల్ల ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఒక చెరువు ఒడ్డున ఫైలోపాలుడినా గుల్లలు ఎన్నో దొరికి, నీటిలో ప్రాణంతో ఒక్కటీ దొరకకపోతే, ఆ నత్త ఒకప్పుడు ఇక్కడ బతికి, తరువాత కనుమరుగైందనడానికి అది బలమైన సాక్ష్యం.

అందుకని బతికున్నవాటికి ఒక పట్టిక, ఖాళీ గుల్లలకు వేరొక పట్టిక ఉండాలి. రెండింటినీ కలిపి లెక్కిస్తే అధ్యయనం పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే ఎప్పుడో పోయిన జాతులు ఇంకా ఉన్నట్లు చూపిస్తుంది. గుల్లలను కూడా రెండు గుంపులు చేయాలి: పైపొర రంగు, నిగనిగ నిలిచి ఉన్న కొత్తవి, సుద్దలా తెల్లబడి గరుకెక్కిన పాతవి. అన్నీ పాతవే దొరికితే నత్త పోయి చాలాకాలమైందని, కొత్తవి కూడా ఉంటే ఇటీవలి వరకు ఉందని, లేదా మన వెతుకులాటలో తప్పిపోయిందని అనుకోవాలి. రెండో సందర్భంలో మళ్లీ వెళ్లి వెతకడం అవసరం.

ఈ సాక్ష్యాన్ని కళ్లు మూసుకుని నమ్మకూడదు కూడా. నత్తగుల్ల కొంగలు పైలా నత్తలను పట్టుకుని, తాము వాలే చోటికి తెచ్చి తిని, గుల్లలను అక్కడే వదిలేస్తాయి. ఆ కుప్పలు పక్క చెరువు నుంచి వచ్చినవి కావచ్చు. కట్ట మరమ్మతుకు తెచ్చిన నది ఇసుకలో నదీ నత్తల గుల్లలు ఉంటాయి. పూడిక తీసిన మట్టిని ఒక చెరువు నుంచి మరో చోటికి తరలించిన సందర్భాలూ ఉన్నాయి. అందువల్ల చెట్ల కింది కుప్పలను, ఇసుక పోసిన చోట్లను వదిలి, చెరువు అడుగున కదలని బురద పొర నుంచి జల్లెడ పట్టి తీసిన గుల్లలకే విలువ ఇవ్వాలి.

ఏడవ మెట్టు: నీటిని కొలవడం

ఉష్ణోగ్రత, ఉదజని సూచిక (pH), కరిగిన ప్రాణవాయువు, అమ్మోనియా, విద్యుద్వాహకత, కాల్షియం అనే ఆరింటినీ కొలిస్తే ఈ పనికి సరిపోతుంది. ప్రాణవాయువును ఎప్పుడు కొలిచారన్నది ఎంత వచ్చిందన్నంత ముఖ్యం. నాచుతో పచ్చబడిన నగర చెరువులో మధ్యాహ్నం కొలిస్తే ప్రాణవాయువు పుష్కలంగా ఉన్నట్లు కనిపిస్తుంది. రాత్రంతా అదే నాచు, అడుగున కుళ్లే చెత్త కలిసి దాన్ని ఖర్చు చేసేస్తాయి. తెల్లవారుజామున అది కనిష్ఠానికి చేరుతుంది. మొప్పల నత్త బతుకు తేలేది ఆ గడియలోనే. కాబట్టి సూర్యోదయానికి ముందు ఒకసారి కొలవక తప్పదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జలచరాలకు, చేపల పెంపకానికి తగిన నీటికి పెట్టుకున్న ప్రమాణం లీటరుకు 4 మిల్లీగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ప్రాణవాయువు, 1.2 మిల్లీగ్రాములకు మించని స్వేచ్ఛా అమ్మోనియా, 6.5 నుంచి 8.5 మధ్య ఉదజని సూచిక. మీ కొలతలను వీటి పక్కన రాసుకోండి.

కాల్షియం విషయంలో ఒక మాట. నగరంలో కాల్షియం తరుగుతుందని అనుకోనక్కరలేదు. సిమెంటు కట్టడాల మీదుగా వచ్చే నీరు దాన్ని పెంచగలదు. గుల్ల కట్టుకోవడానికి కావలసింది సమృద్ధిగా ఉండి కూడా నత్త పోతోందంటే కారణాన్ని వేరేచోట వెతకాలి.

ఎనిమిదవ మెట్టు: వైవిధ్యాన్ని లెక్కించడం

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. మొదటి చెరువులో 100 నత్తలు దొరికాయి, ఐదు రకాలు, ఒక్కొక్కటి 20. రెండో చెరువులో 500 నత్తలు దొరికాయి, అక్కడా ఐదు రకాలే, కానీ 460 ఒకే రకం, మిగిలిన నాలుగు రకాలు పదేసి. రకాల సంఖ్య ఒకటే, నత్తల సంఖ్య రెండో చెరువులో ఐదింతలు. ఇప్పుడు వైవిధ్యాన్ని ఒకే అంకెలో చెప్పే షానన్ సూచిక లెక్కించాలి. ప్రతి రకం మొత్తంలో ఎన్నో వంతు ఉందో తీసుకుని, దాన్ని దాని సహజ సంవర్గమానంతో గుణించి, అన్నింటినీ కూడి, గుర్తు మార్చాలి. మొదటి చెరువుకు 1.61 వస్తుంది, రెండోదానికి 0.39. ఈ సంఖ్యను e (సహజ సంవర్గమానపు ఆధారం) మీద ఘాతంగా పెడితే, మొదటి చెరువులో సమర్థ రకాల సంఖ్య, అంటే సమానంగా ఉన్న ఎన్ని రకాలకు ఈ వైవిధ్యం సాటి అన్నది, 5, రెండో చెరువులో సుమారు 1.5. పేరుకు ఐదు రకాలున్నా రెండో చెరువు దాదాపు ఒకే నత్త ఏలుతున్న చెరువని ఇప్పుడు స్పష్టమవుతుంది.

తరువాత చెరువులను ఒకదానితో ఒకటి పోల్చాలి. రెండు చెరువుల్లోనూ ఉన్న రకాల సంఖ్యను, రెండింటిలో కలిపి ఉన్న మొత్తం రకాల సంఖ్యతో భాగిస్తే పోలిక ఎంతో తెలుస్తుంది. నగరంలోని చెరువులు వాటిలో అవి బాగా పోలి ఉండి, బయటి చెరువులు మాత్రం ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉంటే, నగరం చెరువుల సొంత స్వభావాన్ని చెరిపేస్తోందన్నమాట. ఒక్కో చెరువునూ విడివిడిగా చూస్తే ఈ నష్టం ఎన్నటికీ కనిపించదు.

తొమ్మిదవ మెట్టు: కారణాన్ని తేల్చడం

ఫలితాలను ఇప్పుడు మొదటి మెట్టులోని జీవన లక్షణాలతో కలిపి చదవాలి. ఫైలోపాలుడినా, బిథినియా పోయి, లిమ్నియా, ఇండోప్లానార్బిస్, ఫైసా మిగిలితే, తెల్లవారుజామున ప్రాణవాయువు కూడా తక్కువగా ఉంటే, మురుగే ప్రధాన కారణమని చెప్పడానికి బలం ఉంది. ఫైలోపాలుడినా బాగానే ఉండి పైలా మాత్రమే కరవైతే గట్టు వైపు చూడాలి. ఊపిరితిత్తి నత్తలు సైతం పోయి ఏదీ మిగలకపోతే విషపదార్థాలను అనుమానించాలి. రాగి లవణాలు నత్తలకు ప్రాణాంతకమని, నత్తలను చంపడానికి వాటిని కావాలనే వాడిన చరిత్ర ఉందని గుర్తుంచుకోండి. పారిశ్రామిక వ్యర్థాలు చేరే నాలా ఉన్న చోట ప్రయోగశాలలో లోహాల పరీక్ష చేయించడం అవసరం. ఇటీవలే చెరువు అంతటా ఒకేసారి పూడిక తీసి ఉంటే, అడుగున బతికే నత్తలన్నీ ఆ మట్టితోనే వెళ్లిపోయి ఉండవచ్చు.

కారణాలు కలిసి వస్తాయన్నది నిజమే. అయినా ఏ నత్త పోయిందన్న వివరం లేకుండా కాలుష్యం అన్న ఒక్క మాటతో నివేదిక ముగించడం వల్ల అధికారులకు గానీ కాలనీవాసులకు గానీ ఏం చేయాలో తెలియదు.

పదవ మెట్టు: ఫలితాలను పనిలో పెట్టడం

నివేదికలో కోరేవి నిర్దిష్టంగా ఉండాలి. గట్టు సుందరీకరణలో కనీసం ఒక వైపు మట్టి ఒడ్డును, తుంగ పొదలను వదిలేయమని అడగండి. పూడికను ఒకే ఏడాది మొత్తం తీయకుండా భాగాలుగా తీయమని, తీయని భాగం నుంచి నత్తలు మళ్లీ పాకడానికి వీలుంటుందని వివరించండి. గుర్రపుడెక్క తొలగించినప్పుడు ఒకటి రెండు రోజులు నీటి అంచునే కుప్ప పోసి ఉంచితే, వేళ్లలో ఉన్న నత్తల్లో కొన్నయినా తిరిగి నీటిలోకి చేరతాయి. మురుగును శుద్ధి చేయకుండా వదిలే నాలా ఏదో, దాని దగ్గర వచ్చిన సున్నాలు ఎన్నో మ్యాపు మీద చూపించండి. అక్వేరియం నత్తలను, మొక్కలను చెరువులో పారవేయవద్దని పాఠశాలల్లో చెప్పండి. నీటికి పైన కాడల మీద గులాబీ రంగు గుడ్ల గుత్తులు ఎక్కడైనా కనిపిస్తే ఫొటో తీసి వెంటనే నిపుణులకు తెలియజేయాలి. ఆగ్నేయాసియా వరి పొలాలకు తీరని నష్టం చేసిన పొమేసియా నత్త పెట్టే గుడ్లు అవి.

చివరగా, సమాచారాన్ని భద్రపరచడం. చెరువు పేరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, వెతికిన సమయం, వెతికినవారి సంఖ్య, బతికున్నవి, గుల్లలు, సున్నాలు అన్నీ ఒకే రకం పట్టికలో ఉంచి, ఫొటోలను ఐనేచురలిస్ట్ వంటి బహిరంగ వేదికలో పెట్టండి. ఆ పట్టిక ప్రతిని మత్స్యకారుల సంఘానికి, దగ్గరలోని కళాశాల జంతుశాస్త్ర విభాగానికి ఇవ్వండి. మరుసటి ఏడాది అవే చోట్లలో, అవే నెలల్లో, అంతే శ్రమతో తిరిగి వెతకండి.